ఐదో ముడి

మా అత్త చేతులు నీలంగా ఉండేవి. మణికట్టు దాకా నీలమే, గోళ్ల సందుల్లో మరీ చిక్కగా. ఆ చేతుల్ని తెల్లగా చేసింది నేను. నాన్న చేయించాడనీ, నాకప్పుడు పదహారేళ్లేననీ చెప్పుకోవడానికి చాలా సాకులున్నాయి. అవన్నీ నాకు కంఠతా వచ్చు. ఇవాళ వాటి జోలికి పోను.

మాది బట్టలకు రంగులేసే ఇల్లు. ముందు గదిలో తానులు, వెనక రేకుల షెడ్డులో ఆరు తొట్టెలు, దాని వెనక బట్టలు ఆరేసే దొడ్డి. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్న చెల్లెలైన అత్త, నేను. ఎండ ఉన్నన్నాళ్లూ మాకు తల గోక్కోవడానికి తీరిక ఉండేది కాదు. వానలు పడితే పని ఆగిపోయేది. ఆ ఏడు వానలు నెల ముందే దిగాయి. తొట్టెలు బోర్లించేసి నాన్న కుర్చీలో కూర్చున్నాడు. పని లేని నాన్నని అన్ని వారాలపాటు అంత దగ్గర్నుంచి చూడటం మాకదే మొదటిసారి.

పని ఆగడానికి ముందురోజు యూనిఫారాల షాపాయన వచ్చాడు. వెలిసిపోయిన గుడ్డపేలిక ఒకటి తెచ్చి, ఇది కొత్తగా ఉన్నప్పటి రంగు కావాలన్నాడు. నాన్న చెయ్యి చాపాడు. ఆయన పేలిక ఇవ్వకుండా నాన్న భుజం మీంచి లోపలికి చూస్తూ, "చెల్లెలుగారు లేరా?" అని అడిగాడు. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, పేలికని గుమ్మం దగ్గర వెలుతురులో ఒక్కసారి తిప్పి చూసి, నీలం ఎంతో, నలుపు ఎంతో, చివర్లో పసుపు నీళ్లలో ఎంతసేపు ఉంచాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాన్న అయితే నాలుగు ముక్కలు ముంచి చూసుకుంటేగానీ ఆ రంగు దొరకదు. ఆ సంగతి షాపాయనకి తెలుసు, మాకు తెలుసు, నాన్నకి అందరికంటే బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతి వారమే నాన్న మెట్లాయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ పేరు పెట్టింది అత్తే. ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి సంచిలో వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడాయన. బక్కపలచటి మనిషి, మాటకోసారి దగ్గు. మందుల షాపు మేడ మీద గదిలో వారానికోసారి పదీ పదిహేనుమందిని కూర్చోబెట్టుకుని ఆత్మ గురించి చెప్పేవాడు. ఆత్మ ఒక్కసారిగా మనిషి అయిపోదనేవాడు. ముందు రాయిలో నిద్రపోతుంది. మొక్కలో మొదటిసారి ఊపిరి పీలుస్తుంది. పురుగులో కదలడం నేర్చుకుంటుంది. జంతువులో ఆకలీ భయమూ తెలుసుకుంటుంది. ఐదో మెట్టు మీద మనిషై తనని తాను చూసుకుంటుంది. పైన ఇంకా రెండు మెట్లున్నాయి. ఒకటి వెలుగు, రెండోదానికి పేరు లేదు. మనిషి ఒళ్లు ఉన్నంత మాత్రాన మనిషి మెట్టు మీద ఉన్నట్టు కాదు, మనలోనే రాళ్లున్నాయి, పురుగులున్నాయి, ఎవరికి వాళ్లు చూసుకోవాలి అనేవాడు. వింటుంటే ఒళ్లు జలదరించేది. ఇప్పటికీ ఆ మాటలంటే నాకిష్టమే, అదే నా ఖర్మ.

మేమంతా కలిసి వెళ్లిన రోజు, ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నాడాయన. అత్త చెయ్యెత్తింది. రాయికి ముందు అది ఎక్కడుండేదండీ, రాయి అవ్వడానికి పాపం ఎంత కష్టపడిందో అంది. గదంతా ఘొల్లుమంది. మెట్లాయన కూడా దగ్గొచ్చేదాకా నవ్వి, తనకీ తెలీదని ఒప్పుకున్నాడు. నాన్న నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు గొడుగు తనొక్కడే వేసుకుని ముందు నడిచాడు. మేం ముగ్గురం తడుస్తూ వెనక నడిచాం.

మర్నాడు పొద్దున్నే దారం ఉండ తీసుకుని మమ్మల్ని పిలిచాడు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. తాను మీద ఏం రాసినా నీళ్లలో పోతుంది. అందుకని అంచుకో దారం కట్టి, రంగులో ఎన్నిసార్లు ముంచితే దానికి అన్ని ముళ్లు వేస్తాం. ముళ్లు తడిమి చూస్తే చాలు, ఆ తాను ఎంతదాకా వచ్చిందో తెలిసిపోతుంది. నాన్న ఆ దారమే మా మణికట్లకి కట్టాడు. తనకి తాను ఐదు ముళ్లు వేసుకున్నాడు. నాకు నాలుగు. అమ్మకి రెండు, ఎందుకంటే మొక్కలాగా పెట్టిన చోట ఉంటుందట. అత్తకి ఒక్కటే ముడి వేసి, రాయి అన్నాడు. మెట్లాయన ఎవరికీ లెక్క కట్టివ్వలేదు. అది నాన్న సొంత కవిత్వం.

అత్త నా ముళ్లు లెక్కపెట్టి, "నాలుగంటే జంతువు కదే. ఏ జంతువో అడిగావా మీ నాన్నని?" అంది.

అమ్మ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగు ముళ్లంటే నాకు గొప్పగా ఉంది మరి. ఆ రోజు నుంచీ ఇంట్లో ముళ్లని బట్టే అన్నీ నడిచాయి. ఎవరు ముందు తినాలి, ఎవరు కుర్చీలో కూర్చోవాలి, ఎవరు మాట్లాడితే ఎవరు ఆగాలి, అన్నిటికీ ముళ్లే. నా కంచంలో వడ్డించి అమ్మ గోడకానుకుని నిలబడేది. నేను తాపీగా తినేదాన్ని. ఒకసారి ఉప్పు తక్కువైందని అమ్మ మీద విసుక్కున్నాను. ఆవిడ ఉప్పు తెచ్చిచ్చింది. తప్పని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు.

నాన్నకి అసలు ఆలోచన వచ్చింది రెండో వారంలో. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మగ్గం మీంచి దిగిన కోరా బట్టకి రంగెందుకు పట్టదని అడిగాడు. గంజి ఉంటుంది కాబట్టి అన్నాను. మరేం చేస్తామన్నాడు. సోడా నీళ్లలో ఉడకబెట్టి ఉతికి గంజి వదిలిస్తామన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. ఆత్మకీ అంతేనట. పాతది పూర్తిగా వదిలితేగానీ కొత్త మెట్టు పట్టదు. అత్త చేతుల్లో ముప్పై ఏళ్ల రంగు కూరుకుపోయి ఉంది, అందుకే ఆవిడ రాయి దగ్గరే ఆగిపోయింది. ఆ రంగు దిగాలి. మరి నాన్న చేతులు కూడా నీలమే కదా అని అడగాలని నాకు తోచలేదు. రంగులేసేవాడికి తప్ప ఇంకొకడికి రాని ఆలోచన అది. అంత తెలివైన మాట నేను అంతవరకూ వినలేదనుకున్నాను.

అత్తకి చెబితే ముందు నవ్వింది. ఒప్పుకోకపోతే ఇక తొట్టెల దగ్గరికి రావద్దని నాన్న అనేసరికి నవ్వాపేసింది. ఆవిడకి ఈ లోకంలో ఉన్నవి ఆ ఆరు తొట్టెలే. ఎండ కాసేసరికి తిరిగి కర్ర పట్టుకుని తొట్టె ముందు నిలబడటం తప్ప ఆవిడకి ఇంకో కోరిక లేదు.

"తెల్లబడితే మళ్లీ పనిలోకి రానిస్తావుగా?" అని అడిగింది.

"రెండో ముడి వేసి మరీ రానిస్తాను. మాటంటే మాటే," అన్నాడు నాన్న.

"సరే, వానల్లో ఎలాగూ ఊరికే కూర్చోవడమేగా," అని ఆవిడ నా వైపు తిరిగి కన్నుగీటింది.

కోరా తానులు పేర్చే గది ఆవిడకి ఇచ్చారు. కంట్లో ఏ రంగూ పడకూడదని కిటికీకి తెల్లగుడ్డ కట్టారు. కట్టుకోవడానికి కోరా బట్ట. తినడానికి ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టినవి. మాట్లాడకూడదు. రోజుకి రెండుసార్లు సోడా నీళ్లలో చేతులు నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్దాలి. రుద్దే పని నాలుగు ముళ్లున్న నాది.

మొదట్లో అది ఆటలాగే ఉండేది. నేను రుద్దుతుంటే అత్త గుసగుసగా కబుర్లు చెప్పేది. వాన చప్పుడుకి బయటికి వినపడేది కాదు. తను రాయి కాబట్టి మాట్లాడకపోవడం ఏం కష్టం కాదనీ, నాలాంటి జంతువుకైతే కష్టమనీ ఏడిపించేది. వారం తిరిగేసరికి అరచేతుల్లో నీలం కాస్త వెలిసింది, గోళ్లలో చెక్కు చెదరలేదు. నాన్న రోజూ సాయంత్రం వచ్చి, రంగేసిన తానుని పరీక్షించినట్టు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు. పని సరిగ్గా కుదరనప్పుడు ఉండే చిరాకు ఉండేది.

మూడో వారంలో సోడాకి బ్లీచింగ్ పౌడర్ తోడైంది. కబుర్లు తగ్గాయి. కణుపుల దగ్గర చర్మం పగిలి, పీచు ఎర్రబడేది. తేమకి ఏ పుండూ మానేది కాదు. ఒకరోజు అత్త చేతులు నున్నగా జారుతుంటే వాసన చూశాను. వెన్న. అమ్మ ఎవరూ చూడకుండా వచ్చి రాసి వెళ్లింది. నేను నాన్నకి చెప్పాను. ఎందుకు చెప్పావంటే ఏం చెప్పను? జిడ్డుంటే రంగు దిగదు, ఈ వృత్తిలో అది అందరికీ తెలిసిన సంగతేగా. నాన్న అమ్మని ఒక్క మాట అనలేదు. ఆవిడ మణికట్టు దారం కత్తిరించి, ఒక్క ముడి ఉన్న కొత్త దారం కట్టాడు. అమ్మకి అసలే నోట్లో నాలుక లేదు. ఆ తర్వాత ఆవిడ ఆ గది ముందు నుంచి నడిచేటప్పుడు కూడా తల వంచుకునే నడిచింది.

ఐదో వారం. ఆ రోజు పొద్దున్నే నాన్న నాతో, నువ్వు ఐదుకి దగ్గరపడ్డావన్నాడు. ఐదు ముళ్లు పడితే మెట్లాయన ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకుంటానన్నాడు. నేను గాల్లో తేలిపోతూ బేసిన్ పట్టుకుని వెళ్లాను. అత్త గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉంది. నేను బేసిన్ దింపినా వాటిని చాపలేదు.

"ఈ పూటకి వదిలెయ్యవే," అంది. గుసగుస కూడా కాదు, మామూలుగా, నీళ్లు అడిగినట్టే అడిగింది. "రుద్దానని చెప్పు. నేనూ అదే చెప్తాను."

వాన అప్పుడే తగ్గింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. నేను కాసేపు ఆ చేతుల వైపు చూశాను. జాలి కలగలేదని అబద్ధమాడను, కలిగింది. ఒక్క పూట మానేస్తే కొంప మునిగేదేమీ లేదని కూడా నాకు తెలుసు.

"అబద్ధం చెప్తే నేను కిందికి పడిపోతాను అత్తా," అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. షాపాయన తెచ్చిన పేలికని వెలుతురులో చూసినట్టే చూసింది. తర్వాత చేతులు చాపింది. ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువసేపు రుద్దాను.

సాయంత్రం అది కూడా నాన్నకి చెప్పాను. నాన్న నా తల నిమిరాడు. నాకు ఊహ తెలిశాక ఆయన నా తల నిమరడం అదే మొదలు. మనసు ఎదురుతిరుగుతోందంటే పాతరంగు చివరికొచ్చిందని అర్థమట. దాన్ని ఇప్పుడు వదలకూడదట. తప్పురంగు పడిన తానులకి వాడే రంగు దింపే మందు షెడ్డులో ఒక డబ్బాలో ఉండేది. దాన్ని కాగే నీళ్లలో వేస్తేనే పని చేస్తుంది. మామూలుగా బట్టని కర్రతో తిప్పుతాం, చెయ్యి పెట్టం.

మర్నాడు మధ్యాహ్నం నాన్న బేసిన్ పట్టుకున్నాడు. నేను అత్త మణికట్లు పట్టుకున్నాను. కుళ్లిన గుడ్డు వాసన గది నిండా కమ్ముకుంది. అత్త అరవలేదు. మాట్లాడకూడదన్న నియమం ఉంది కాబట్టి అరవలేదని అప్పుడు అనుకున్నాను. ఆవిడ పాదాలు మాత్రం నేల మీద తన్నుకున్నాయి. ఆ మడమల చప్పుడు అమ్మకి వంటగదిలోకి వినపడే ఉంటుంది. చేతులు బయటికి తీసేసరికి నిజంగానే తెల్లబడ్డాయి. గోళ్లతో సహా. నేను చప్పట్లు కొట్టాను. ఇది చెప్పకుండా దాటేస్తే ఈ కథ చెప్పడం ఎందుకు? నాకు ఆనందమేసింది.

మూడోరోజు నాన్న మెట్లాయన్ని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఒక ఆత్మ మొదటి మెట్టు దాటింది, మీరు చూడాలి అన్నాడట. ఆయన గొడుగు గుమ్మం పక్కన పెట్టి, అమ్మ ఇచ్చిన టీ గ్లాసుతోనే గదిలోకి వచ్చాడు. అప్పటికి అత్త చేతులు ఉబ్బి, వేళ్లు ఒకదానికొకటి ఆనుకుపోయాయి. జ్వరంతో కళ్లు మూతలు పడుతున్నాయి. తెలుపు పోయి అదోరకం రంగు వచ్చింది. ఆ రంగుకి పేరు కావాలంటే ఇంట్లో అత్తే చెప్పగలదు.

"ఈ చేతులకేమైంది?" అన్నాడు మెట్లాయన.

నాన్న ఉత్సాహంగా అంతా చెప్పాడు, కోరా బట్ట, గంజి, సోడా, ముళ్లు అన్నీ. అంతా వినకముందే మెట్లాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నేను మెట్లున్నాయని చెప్పానయ్యా," అన్నాడు చివరికి. "ఎవర్నీ ఎక్కించమని చెప్పలేదు. అది దానంతటది నడిచేది. ఎన్నో జన్మలు పడుతుంది."

"మాకు అంత టైము లేదండీ, ఎండలొస్తే పనుంటుంది," అన్నాడు నాన్న.

పెద్దాయన ఇంకేదైనా అంటాడని అమ్మ గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. ఆయన అత్త వైపు మళ్లీ చూడలేదు. దగ్గు తెర ఒకటి వచ్చింది. అది తగ్గాక, ఆస్పత్రికి తీసుకెళ్లడం మంచిదని గోడకి చెప్పినట్టు చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. జీవితమంతా ఉత్తరాలు సర్దిన మనిషి, ఎవరి ఉత్తరమూ విప్పి చదివి ఉండడు. నాన్న వీధి మలుపు దాకా ఆయన్ని చూసి, నా వైపు తిరిగి, "పాపం, ఈయన ఇంకా నాలుగు దాటలేదు," అన్నాడు.

ఆస్పత్రికి తీసుకెళ్లింది అమ్మ. ఎవర్నీ అడగకుండా అమ్మ చేసిన పని ఆ వానాకాలంలో అదొక్కటే. అప్పటికే ఆలస్యమైంది. కుడిచేతికి రెండు వేళ్లు తీసేశారు. ఎడమచెయ్యి ఉంది, మూసుకోదు. ఎలా జరిగిందని నర్సు అడిగితే, మందు డబ్బా ఒలికిందని అత్తే చెప్పిందట. అబద్ధం చెబితే పడిపోవడానికి ఆవిడకి ఇంకా కింద మెట్టు లేదుగా.

అత్త తిరిగొచ్చిన రోజునే వానలు వెనకపట్టాయి. తొట్టెలు తిరగేసి కడిగాం. నాన్న మాట నిలబెట్టుకున్నాడు. అత్తని కూర్చోబెట్టి, కట్టు మీదుగా కొత్త దారం చుట్టి, రెండు ముళ్లు వేశాడు. ఇక తొట్టెల దగ్గరికి నిరభ్యంతరంగా రావచ్చన్నాడు. నీళ్లగ్లాసు పట్టుకోలేని మనిషితో అన్నాడా మాట. ఆయన ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖం వైపు చూశాను. లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

నాలుగు రోజులకి యూనిఫారాల షాపాయన ఇంకో పేలికతో వచ్చి, మళ్లీ చెల్లెలుగారి కోసమే అడిగాడు. అత్త చేతులు కొంగు కింద దాచుకుని వచ్చింది. ఆయన పేలిక చాపి, తీసుకోవడం లేదేమిటా అనుకుంటూ తనే వెలుతురులో పట్టి చూపించాడు. అత్త కళ్లు దాని మీద నిలిచాయి. ఆ చూపు నాకు తెలుసు. పాళ్లన్నీ ఆవిడకి అప్పటికే తెలిసిపోయాయి. నాన్న కూడా చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు.

"నాకు తెలీదండీ," అని అత్త లోపలికి వెళ్లిపోయింది.

నాన్న ఆ రంగుని పదకొండు ముక్కల మీద ముంచి చూశాడు. దొరకలేదు. షాపాయన ఇంకో ఇంటికి వెళ్లాడు, నెమ్మదిగా మిగతావాళ్లూ వెళ్లారు. షాపాయన పేలిక తెచ్చిన రోజు సాయంత్రమే, తన చేతి మీదుగా ఒక్క పనైనా పూర్తయినట్టుండాలనేమో, నాన్న నన్ను పిలిచి ఐదో ముడి వేశాడు.

మర్నాడు పొద్దున అత్త దొడ్లో ఎండలో పీట వేసుకుని కూర్చుంది. తాళ్ల మీద తడి తానులు వేలాడుతున్నాయి. ఎన్నో వారాల తర్వాత ఆవిడ మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. చెయ్యి చూపించమంది. కట్టులోంచి బయటికి వచ్చిన బొటనవేలితో నా మణికట్టు దారం తడిమింది. ఒకటి, రెండు, మూడు. తాను ఎంతదాకా వచ్చిందో చూసుకున్నట్టు చివరిదాకా తడిమింది.

"ఐదు," అంది. "ఐదంటే మనిషి కదూ?"

"అవును," అన్నాను.

ఆవిడ గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే బతికిపోయేదాన్ని. ఆవిడ నిజంగానే అడిగింది, విని తల ఊపింది.

"అయితే కాస్త నా జుట్టు ముడెయ్యి. పొద్దుట్నుంచీ ముఖం మీద పడుతోంది. మీ అమ్మ పనిలో ఉంది."

వెనక్కి వెళ్లి జుట్టు పట్టుకున్నాను. రెండుసార్లు వేస్తే రెండుసార్లూ జారిపోయింది. అత్త ఓపిగ్గా తల నిటారుగా పెట్టి కూర్చుంది. మూడోసారి గట్టిగా బిగించాను. నొప్పెట్టిందా అత్తా అని అడిగాను. లేదంది.